చిల్లర నాణేలపై ముద్రణ దోషాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు టంకశాలలో ఏర్పడిన దోషాన్నీ, వాడుకలో తగిలిన దెబ్బనూ వేరుచేసి గుర్తించగలుగుతారు.

నాణెం ఎక్కడ పుట్టింది?

శ్రీ విజయపురంలోని (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) డైరీ ఫార్మ్‌లో మీరు కూరగాయలు కొన్నారనుకోండి. తిరిగి ఇచ్చిన చిల్లరలో సంవత్సరం అంకె కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే ఆ నాణెం హైదరాబాదు టంకశాలలో తయారై, సముద్రం దాటి వచ్చిందన్నమాట. చుక్క ఉంటే నోయిడాది. కోల్‌కతా నాణేలకు సాధారణంగా గుర్తు ఉండదు.

దోషం ఎలా వస్తుంది?

లోహపు రేకు నుండి గుండ్రని బిళ్ళలు కత్తిరిస్తారు. ఒక్కొక్క బిళ్ళను రెండు ఉక్కు అచ్చుల మధ్య ఉంచి బలంగా నొక్కుతారు. బొమ్మ, బొరుసు ఒకేసారి పడతాయి. ఈ పనిలో జరిగే పొరపాట్లు ఇవి:

1. పక్కకు జరిగిన ముద్ర: బిళ్ళ సరిగా కూర్చోకపోతే ముద్ర ఒక పక్కకు పోతుంది. ముద్ర పడని చోటు నున్నగా ఉంటుంది.
2. అంచు కోత: రేకులో ముందే కత్తిరించిన రంధ్రం మీదికి మళ్ళీ కోత పడితే, బిళ్ళ అంచున నెలవంక ఆకారంలో కొంత భాగం లోపిస్తుంది.
3. అచ్చు పగులు: పగిలిన అచ్చు సందులోకి లోహం చొరబడి, నాణెంపై ఉబ్బెత్తు గీత ఏర్పడుతుంది.
4. అద్దపు బొమ్మ: ముందటి నాణెం అచ్చుకే అతుక్కుపోతే, తరువాతి బిళ్ళపై అదే బొమ్మ ఎడమ కుడులు మారి, లోపలికి గుంటగా పడుతుంది.
5. తిరిగిన అచ్చు: బొమ్మను నిలువుగా పట్టుకుని, పుస్తకం పేజీలా తిప్పండి. బొరుసు కూడా నిలువుగా ఉండాలి. వాలినా, తలకిందులైనా అది దోషమే.

దోషమా, దెబ్బా?

గీతను గోటితో తడిమి చూడండి. ఉబ్బెత్తుగా తగిలితే అచ్చు పగులు కావచ్చు. లోతుగా తగిలితే అది తరువాత పడిన గీతే. ఆకురాయితో అరగదీసిన అంచుపై సన్నని గీతలు, కొత్త లోహపు మెరుపు కనిపిస్తాయి.

జాగ్రత్త

రూపం వేరైనంత మాత్రాన దోషం కాదు, నకిలీ అంతకన్నా కాదు. పది రూపాయల నాణేలు 14 రూపాల్లో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018లో ప్రకటించింది. రూపాయి గుర్తు లేదని దుకాణదారు తిరస్కరిస్తే ఈ విషయం చెప్పండి. "మీ నాణేనికి లక్షలిస్తాం, ముందు రుసుము కట్టండి" అనేవారిని నమ్మకండి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఇలా మోసగిస్తున్నారని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. మీ దగ్గరున్న పది నాణేలను టంకశాల గుర్తుల ప్రకారం వేరుచేయండి.
2. అచ్చు పగులుకూ, గీతకూ తేడా ఏమిటి?