మామిడికి నాలుగైదేళ్లు, కౌలుకు 11 నెలలు

"వాళ్లకు ముందుచూపు ఉండదు. వచ్చిన కూలి వచ్చినట్టే ఖర్చుపెడతారు." దళితులు ఎందుకు ఎదగలేదంటే ఊళ్లలో తరచూ వినిపించే జవాబిది. నేరమంతా వాడ సంస్కృతి మీదికి నెట్టే ఈ మాటను చాట్రాయి మామిడి తోటల దగ్గర పరీక్షించి చూద్దాం.

నూజివీడు ప్రాంతంలోని ఈ మండలంలో మామిడి అంటు నాటితే కాపు మొదలవడానికి నాలుగైదేళ్లు పడుతుంది. తర్వాత దశాబ్దాల ఆదాయం. కాబట్టి తోట వేయాలంటే భూమి ఒక్కటే చాలదు, కాపు వచ్చేదాకా ఇల్లు గడవాలి.

ఆ భూమి ఎవరికి చేరింది? 1948 చట్టం జమీందారీని రద్దు చేసింది. పట్టా మాత్రం సాగు హక్కున్న రైతుకే దక్కింది, అదే పొలంలో చెమటోడ్చిన పాలేరుకు కాదు. 1973 భూపరిమితి చట్టం నేల రకాన్ని బట్టి కుటుంబానికి 35 నుంచి 54 ఎకరాల మెట్ట ఉంచుకోనిచ్చింది. కులంలోనే జరిగే పెళ్లిళ్లు, కొడుకులకే వెళ్లే ఆస్తి ఆ భూమిని అవే చేతుల్లో తిప్పుతున్నాయి. ఇదీ సంస్కృతే, కానీ దీన్నెవరూ లోపమనరు.

పోనీ కౌలుకు చేద్దామా? 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకే, అదీ యజమాని సంతకం పెడితేనే. ఆ హక్కుతో మామిడి మొక్క ఎవరు నాటగలరు?

ముందుచూపు కులం ఇచ్చే గుణం కాదు, ఆగగలిగే స్తోమత ఉన్నవాళ్లకు దొరికే వసతి అని మేం అంటున్నాం. అందుకే సాగుభూమి, దీర్ఘకాలిక కౌలు హక్కు, కాపు వచ్చేదాకా ఆర్థిక ఆసరా కలిపి అడగాలి. ఇవి లేకుండా "కష్టపడితే పైకొస్తారు" అని చెప్పడం మోసమే.