ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో వరసగా ఓడిపోతున్నారా? మౌస్ మార్చే ముందు ఇది చదవండి

రాత్రి పన్నెండున్నర. పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీస్ స్టాండప్ కాల్ ఉంది. "ఈ ఒక్క గేమ్ గెలిచి పడుకుంటా" అనుకుంటూనే అప్పటికి నాలుగు ఓడిపోయాను. ఐదోది కూడా పోతోంది. అవతలివాడి స్కౌట్లు వచ్చి నా కట్టెలు కొట్టే విలేజర్లని తరిమి తరిమి చంపుతుంటే టేబుల్ మీద గట్టిగా ఒక్కటి కొట్టాను. మౌస్ ఎగిరి కింద పడింది. నోట్లోంచి ఒక బూతు కూడా వచ్చింది.

మర్నాడు సాయంత్రం, ఇంటర్ చదువుతున్న మా తమ్ముడు ఫోన్‌లో క్లాష్ రాయల్ ఆడి ఓడిపోయాడు. ఫోన్‌ని మంచం మీదకి విసిరేసి, అచ్చం అదే బూతు, అదే టోన్‌లో అన్నాడు.

"ఏం మాటలురా అవి?" అన్నాను.

"రాత్రి నువ్వన్నావు కదా అన్నయ్యా" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. ఆ రోజు నుంచి నేను ఆట మానేయలేదు కానీ ఆడే పద్ధతి మొత్తం మార్చాను. ఏం మార్చానో, అది ఎందుకు పనిచేసిందో చెప్పడానికే ఈ ఆర్టికల్. ఉదాహరణలన్నీ ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 నుంచే ఇస్తాను. 1999లో వచ్చిన గేమ్ ఇది. మా బీటెక్ హాస్టల్లో ల్యాన్ కేబుళ్ళు లాగి ఆడింది పాత వెర్షన్. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ర్యాంక్డ్ ఆడేది 2019 నవంబర్‌లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్. మీరు వేరే స్ట్రాటజీ గేమ్ ఆడుతున్నా సరే, లెక్క ఒకటే.

మీరు సగం గేమ్‌లు ఓడిపోవాలనే సిస్టమ్ అలా ఉంది

ర్యాంక్డ్‌లో మీ పేరు పక్కన కనిపించే నంబర్ ఎలో రేటింగ్. హంగరీలో పుట్టి అమెరికాలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా పనిచేసిన అర్పాడ్ ఎలో చెస్ కోసం తయారుచేసిన లెక్క ఇది. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే 1970లో దీన్ని తీసుకుంది. వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ ఫిడే లిస్ట్‌లో 2801కి చేరాడని వార్తల్లో చూశారు కదా, ఆ నంబర్ వెనక ఉన్నదీ ఇదే ఐడియా.

ఐడియా చాలా సింపుల్. ఇద్దరి రేటింగ్ సమానమైతే ఒక్కొక్కరికీ గెలిచే అవకాశం 50 శాతం. మీకు 100 పాయింట్లు ఎక్కువుంటే మీ అవకాశం 64 శాతం. 200 ఎక్కువుంటే 76 శాతం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో కొత్తవాళ్ళు 1000 దగ్గర మొదలవుతారు. మ్యాచ్‌మేకింగ్ ఎప్పుడూ మీ రేటింగ్‌కి దగ్గరగా ఉన్నవాళ్ళనే వెతికి మీ ముందు నిలబెడుతుంది. మీరు బాగా ఆడితే రేటింగ్ పెరుగుతుంది, వెంటనే ఇంకా బాగా ఆడేవాళ్ళు ఎదురవుతారు. అంటే మీరు ఎంత ఇంప్రూవ్ అయినా చివరికి సగం గెలుపు, సగం ఓటమి దగ్గరే ఆగుతారు. ఇది బగ్ కాదు, సిస్టమ్ చేయాల్సిన పనే అది.

మరి వరస ఓటముల సంగతేంటి? దానికి పైథాన్‌లో పది లైన్ల స్క్రిప్ట్ రాసి చూశాను. ప్రతి గేమ్‌లోనూ గెలిచే అవకాశం కచ్చితంగా 50 శాతం అనుకుందాం, నాణెం ఎగరేసినట్టు. అలాంటివాడు 50 గేమ్‌లు ఆడితే, మధ్యలో ఎక్కడో ఒకచోట కనీసం ఐదు వరసగా ఓడిపోయే అవకాశం సుమారు 55 శాతం. నమ్మకపోతే మీరే రాసి రన్ చేయండి.

అంటే ఆ రాత్రి నాకు జరిగినదాంట్లో పెద్ద వింతేం లేదు. నా ఆట పాడవలేదు, నా మీద ఎవరూ కుట్ర చేయలేదు. 50 గేమ్‌లు ఆడేవాళ్ళలో సగం మందికి పైగా ఒకసారి చూసేదే నేనూ చూశాను. ఈ ఒక్క విషయం ముందే తెలిసుంటే టేబుల్ బతికిపోయేది.

టిల్ట్ అంటే ఏంటి?

పాత పిన్‌బాల్ మెషిన్లు సినిమాల్లో అయినా చూసుంటారు. బంతి చేజారిపోతోందని మెషిన్‌ని పట్టుకుని ఊపేస్తే 'టిల్ట్' అని చూపించి ఫ్లిప్పర్లు ఆగిపోతాయి. ఇక ఏ బటన్ నొక్కినా పనిచేయదు. కోపంలో తప్పుమీద తప్పు చేసేవాడిని పోకర్ ఆడేవాళ్ళు, ఇప్పుడు గేమర్లు కూడా, టిల్ట్ అయ్యాడు అంటారు. మాట భలే సరిపోయింది. ఊపింది మనమే, ఆగిపోయిందీ మనకే.

స్ట్రాటజీ గేమ్‌లో టిల్ట్ ఎక్కువ దెబ్బ కొట్టడానికి కారణం ఉంది. ఇక్కడ ఒకేసారి పది పనులు గుర్తుపెట్టుకోవాలి. ఇల్లు కట్టాలి, విలేజర్‌ని క్యూలో పెట్టాలి, గొర్రె అయిపోయిందేమో చూడాలి, శత్రువు ఎక్కడున్నాడో కనిపెట్టాలి. కోపం వస్తే చూపు ఒక్క చోటే అతుక్కుపోతుంది. చచ్చిపోతున్న ముగ్గురు విలేజర్లని చూస్తూ మిగతా బేస్ మొత్తాన్ని మర్చిపోతాం. అలా ఒక గేమ్ పోతే, పోయిన పాయింట్లు వెంటనే వెనక్కి లాగాలని ఇంకోటి నొక్కుతాం. సమానమైనవాడి మీద ఓడితే పోయేది సుమారు 16 పాయింట్లు. దానికోసం రెండు గంటల నిద్ర పోగొట్టుకుంటాం.

అందుకే నేను పెట్టుకున్న మొదటి రూల్: వరసగా రెండు ఓడితే ఆ రోజుకి ర్యాంక్డ్ బంద్. ఆడాలనిపిస్తే ఏఐతో ఆడొచ్చు, రీప్లే చూడొచ్చు, ర్యాంక్డ్ మాత్రం వద్దు. ఈ రూల్ గేమ్ మొదలెట్టకముందే పెట్టుకోవాలి. ఓడిన తర్వాత ఆలోచిద్దాంలే అంటే కుదరదు, అప్పుడు మన మాట మనమే వినం.

రేటింగ్ వదిలేసి ఏం చూడాలి?

గెలుపోటముల్లో సగం అవతలివాడి చేతిలో ఉంటుంది. కాబట్టి పూర్తిగా మన చేతిలో ఉన్న ఒక్క నంబర్‌ని పట్టుకోవాలి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో నేను పట్టుకున్నది, టౌన్ సెంటర్ ఎంతసేపు ఖాళీగా ఉందన్నది.

ఒక విలేజర్ పుట్టడానికి 50 ఫుడ్, గేమ్ గడియారంలో 25 సెకన్లు. టౌన్ సెంటర్ ఖాళీగా ఉన్న ప్రతి 25 సెకన్లకీ ఒక విలేజర్ తగ్గినట్టే. ఫ్యూడల్ ఏజ్‌కో క్యాజిల్ ఏజ్‌కో వెళ్ళే టైమ్, లూమ్ లాంటి రీసెర్చ్ చేసే టైమ్ ఇందులో కలపకూడదు. ఏ పనీ లేకుండా కూర్చున్న టైమ్ మాత్రమే లెక్క.

ఆ ఐదో గేమ్ రీప్లే వారం తర్వాత ధైర్యం చేసి చూశాను. మొదటి ఇరవై నిమిషాల్లో నా టౌన్ సెంటర్ 4 నిమిషాల 10 సెకన్లు ఖాళీగా ఉంది. అంటే 250 సెకన్లు. ఇరవై ఐదుతో భాగిస్తే పది.

అవతలివాడి స్కౌట్లు చంపింది ముగ్గుర్ని. నేను పుట్టించకుండా వదిలేసింది పది మందిని.

ముగ్గురు చచ్చిపోయినప్పుడు గంట మోగింది, ఎరుపు చుక్కలు కనిపించాయి, గుండె దడదడలాడింది. పది మంది పుట్టకపోయినప్పుడు చప్పుడే లేదు. మన కోపం చప్పుడు వచ్చిన వైపుకే పోతుంది. తప్పేమో చప్పుడు లేని చోట ఉంటుంది.

ఖాళీ ఎందుకు వచ్చిందో కూడా రాసుకున్నాను. మూడే కారణాలు. ఒకటి, ఇళ్ళు కట్టడం ఆలస్యమై పాపులేషన్ నిండిపోయింది. ఒక్కో ఇల్లు ఐదుగురికే చోటిస్తుంది, దానికి 25 వుడ్ చాలు, అయినా మర్చిపోయాను. రెండు, ఫుడ్ మీద సరిపడా మనుషుల్ని పెట్టలేదు. మూడు, గొడవ జరుగుతున్న చోటు చూస్తూ క్యూ మర్చిపోయాను. మూడింటికీ మందు ఉంది. స్కౌట్లు రాకుండా ఆపడం నా చేతిలో లేదు, ఇవి ఉన్నాయి.

ఆడటం వేరు, ప్రాక్టీస్ వేరు

ఆండర్స్ ఎరిక్‌సన్ అనే స్వీడన్ సైకాలజిస్ట్ 1993లో ఇద్దరు సహచరులతో కలిసి వయొలిన్ వాయించేవాళ్ళ మీద ఒక పేపర్ రాశారు. 'డెలిబరేట్ ప్రాక్టీస్' అనే మాట బాగా తెలిసింది దాంతోనే. విషయం ఏంటంటే, ఊరికే ఎక్కువ గంటలు చేయడం ప్రాక్టీస్ కాదు. మనకి రాని ఒక చిన్న ముక్కని విడిగా తీసి, తప్పు ఎక్కడో చూసుకుంటూ మళ్ళీ మళ్ళీ చేయడం ప్రాక్టీస్. మనం కోడ్‌లో బగ్ వస్తే అప్లికేషన్ మొత్తం యాభైసార్లు రన్ చేయం కదా. బగ్ ఉన్న ఫంక్షన్ తీసి టెస్ట్ చేస్తాం. ఇక్కడా అంతే.

నా గంట ఇలా గడుస్తుంది:

1. మొదటి 15 నిమిషాలు ఏఐతో. గెలవడం టార్గెట్ కాదు, గేమ్ గడియారంలో పది నిమిషాలు రాగానే ఆపేస్తా. హెచ్ నొక్కితే టౌన్ సెంటర్, క్యూ నొక్కితే విలేజర్. ఈ రెండూ చూడకుండా చేతికి రావాలి. అసలు కొత్తవాళ్ళైతే గేమ్‌లోనే ఉన్న ఆర్ట్ ఆఫ్ వార్ మిషన్లతో మొదలుపెట్టండి. ఎర్లీ ఎకానమీ మిషన్ ఒక్కటే నాలుగైదు సార్లు ఆడినా తప్పులేదు.

2. తర్వాత ఒక్క ర్యాంక్డ్ గేమ్. మొదలెట్టే ముందు కాగితం మీద ఒకే ఒక టార్గెట్ రాస్తా. "పది నిమిషాల దాకా పాపులేషన్ నిండకూడదు" లాంటిది. గెలిచానా ఓడానా అన్నది కాదు, ఆ టార్గెట్ కొట్టానా లేదా అన్నదే మార్కు.

3. చివరి పది నిమిషాలు రీప్లే. గేమ్ అదే సేవ్ చేసి పెడుతుంది. మొత్తం చూడక్కర్లేదు. నా టౌన్ సెంటర్ మొదటిసారి ఎప్పుడు ఖాళీ అయిందో అక్కడ ఆపి, కారణం ఒక లైన్‌లో రాసుకుంటా. అప్‌డేట్ వస్తే పాత రీప్లేలు ఓపెన్ కాకపోవచ్చు, కాబట్టి వాయిదా వేయొద్దు.

ఇంకోటి, ఒకే సివిలైజేషన్, ఒకే మ్యాప్ పట్టుకోండి. 2022లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియాలో ద్రావిడియన్స్ ఉన్నారు, మన సౌత్ కదా అని నాకూ వాళ్ళతోనే ఆడాలనిపించింది. కానీ వాళ్ళకి నైట్స్ లేవు, నేర్చుకునే దశలో కొంచెం కష్టం. ఫ్రాంక్స్ అయితే కావల్రీకి 20 శాతం హెచ్‌పీ ఎక్కువ, ఫార్మ్ అప్‌గ్రేడ్‌లు ఫ్రీ. అరేబియా మ్యాప్‌లో ఫ్రాంక్స్‌తో ఒక నెల ఆడితే, తప్పు సివిలైజేషన్‌దా మనదా అన్న డౌట్ ఉండదు. మనదే అని తెలిసిపోతుంది.

కొత్త గ్యాడ్జెట్ కొంటే?

ఇది గ్యాడ్జెట్ సైట్ కాబట్టి ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. నేనూ ఓడిన కోపంలో రాత్రి ఒంటి గంటకి గేమింగ్ మౌస్ కార్ట్‌లో వేసినవాడినే. క్లిక్ డబుల్ పడుతోంటే, గేమ్ ఆగి ఆగి నడుస్తోంటే, మార్చండి. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో ఆడుతున్నా తప్పకుండా మామూలు మౌస్ ఒకటి కొనండి. వైఫై పింగ్ ఎగుడుదిగుడుగా ఉంటే కేబుల్ పెట్టండి. అంతకు మించి ఖర్చు పెట్టే ముందు పైన చెప్పిన లెక్క వేయండి. నాలుగు నిమిషాలు ఖాళీగా ఉన్న టౌన్ సెంటర్‌ని ఏ మౌస్ నింపదు.

చివరగా

మూడు నెలలైంది. నా రేటింగ్ పెరిగింది, మధ్యలో పడింది, మళ్ళీ పెరిగింది. కానీ మొదటి ఇరవై నిమిషాల్లో ఖాళీ టైమ్ 4 నిమిషాల నుంచి నిమిషంన్నరకి వచ్చింది, అది మాత్రం మళ్ళీ వెనక్కి పోలేదు. ఓడితే ఇప్పటికీ మండుతుంది. టేబుల్ దాకా పోవట్లేదు, అంతే.

తమ్ముడికి క్లాస్ పీకలేదు, పీకే మొహం కూడా లేదు నాకు. పక్కన కూర్చుని వాడి రీప్లే చూశాం. క్లాష్ రాయల్‌లో ఎలిక్సిర్ పదికి మించి నిండదు. మామూలుగా 2.8 సెకన్లకి ఒకటి వస్తుంది. పది నిండిపోయి పది సెకన్లు అలాగే ఉంటే మూడున్నర ఎలిక్సిర్ నేలపాలే, అంటే ఒక నైట్ కార్డ్‌ని ఊరికే పారేసినట్టు. వాడి టౌన్ సెంటర్ అదన్నమాట.

మొన్న మళ్ళీ ఓడిపోయాడు. ఫోన్ విసరలేదు. "అన్నయ్యా, మూడుసార్లు నిండిపోయింది, చూడు" అంటూ నా దగ్గరికి తెచ్చాడు.

ఈ రాత్రి మీరు ఓడిపోతే, 'ప్లే అగైన్' నొక్కే ముందు ఆ గేమ్ రీప్లే ఒక్క పది నిమిషాలు చూడండి. చప్పుడు చేయకుండా పోయింది ఏంటో లెక్కపెట్టండి.