రాతి డ్రిల్లుకు సర్దుబాటు పిడి



వేసవి వస్తే అనంతపురం, చిత్తూరు, నల్లగొండ, మహబూబునగరం వైపు మెట్ట పల్లెల్లో రాతి పని మొదలవుతుంది. నీరు అడుగంటిన బావిని మరి రెండు గజాలు దింపడమో, చేలో నాగలికి అడ్డం వస్తున్న బండను పగలగొట్టి గట్టుకు చేర్చుకోవడమో జరుగుతూ ఉంటుంది. బోరుబావులు ఎన్ని వచ్చినా ఈ పని పూర్తిగా పోలేదు. పైన ట్రాక్టరుకు తగిలించిన కంప్రెసరు, దాని నుంచి బావిలోకి దిగిన రబ్బరు గొట్టం, గొట్టం చివర జాక్ హామరు - ఇది మీ అందరూ చూచిన దృశ్యమే.

బావి ఎంత లోతు దిగినది, ఊట ఎన్ని గంటలు ఆగుతుంది, అడుగుకు ఎంత ఖర్చయినది అని మనం లెక్కలు వేసుకొంటాము. ఆ జాక్ హామరును పట్టుకొన్న మనిషి చేతులు, నడుము ఏమవుతున్నవో ఆ లెక్కలోకి రాదు. ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం. అందులోనూ ముఖ్యంగా ఆ యంత్రపు పిడి సంగతి.

నేను వ్యవసాయ డిప్లమా చదివినవాణ్ణి, గనుల ఇంజనీరును కాను. అయితే పిడి లేని పనిముట్టు సేద్యంలో లేదు గదా! పిడి మంచిదయితే పని సగం తేలిక అనే మాట నాకంటె మీకే బాగా తెలుసు. నాగలి సంగతే చూడండి. వడ్రంగి మేడి చెక్కేటప్పుడు దున్నే మనిషి ఎత్తు చూచుకొంటాడు. పొడుగాటి మనిషికి పొట్టి మేడి అమర్చితే సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. సాలు లోతు మార్చాలంటే నాగలి కర్రను కాడికి కట్టే చోటు కొంచెం ముందుకో వెనక్కో జరుపుతాము. కనుక సర్దుబాటు అనేది మనకు కొత్త విద్య కాదు. రాతి యంత్రం దగ్గరకు వచ్చేసరికి మాత్రం, కంపెనీవారు బిగించి పంపిన పిడి ఎక్కడ ఉంటే అక్కడికి మనిషే వంగుతున్నాడు.

యంత్రం చేసే పని

జాక్ హామరు లోపల ఒక ఉక్కు ముషలకం ఉంటుంది. కంప్రెసరు నుంచి వచ్చిన గాలి ఒత్తిడికి అది ముందుకూ వెనక్కూ కదులుతూ డ్రిల్లు రాడ్డు తలమీద కొడుతుంది. నిమిషానికి సుమారు 2,000 దెబ్బలు పడతాయి. దెబ్బకూ దెబ్బకూ మధ్య రాడ్డు కొద్దిగా తిరుగుతుంది. అందువల్ల రాతిలో గుండ్రని రంధ్రం పడుతుంది. రాడ్డు మధ్యలో బోలుగా ఉంటుంది. ఆ దారిన పోయే గాలి రాతిపొడిని పైకి ఊదివేస్తుంది. యంత్రం బరువు సాధారణంగా 15 నుంచి 25 కిలోలు ఉంటుంది.

ఒక రైతు పెద్దాయనతో ఈ విషయం మాట్లాడుతుంటే, “ఏమండీ ఆఫీసరు గారూ, మా నాయన కాలంలో బావులన్నీ గునపంతోనూ సమ్మెటతోనూ తవ్వారు. అప్పుడు ఎవరి చేతులూ పోలేదే!” అన్నారు. వారి మాటలో నిజం లేకపోలేదు. గునపం పోటుకూ పోటుకూ మధ్య చేయి తేరుకొంటుంది. సమ్మెట ఎత్తేటప్పుడు వేళ్ళు సడలుతాయి. నిమిషానికి 2,000 దెబ్బలు కొట్టే యంత్రం దగ్గర అటువంటి విరామం లేదు. ప్రతి దెబ్బ అదురూ పిడిలోంచి అరచేతికి, అక్కడినుంచి మోచేతికి, భుజానికి పాకుతుంది. పైగా రాడ్డు రాతి నెరియలో ఇరుక్కుంటే, తిరగవలసిన రాడ్డు ఆగిపోయి యంత్రమే మెలితిరుగుతుంది. ఆ మెలికను ఆపవలసినవి మనిషి మణికట్లే.

పిడి ఎందుకు కదలాలి?

ఒక చిన్న లెక్క వేద్దాము. మొదట వాడే రాడ్డు సుమారు రెండున్నర అడుగులు ఉంటుంది. దాని పైన యంత్రం రెండడుగులకు కొంచెం తక్కువ. రంధ్రం మొదలుపెట్టేటప్పుడు పిడి నేలకు నాలుగడుగుల పైచిలుకు ఎత్తున, మనిషి రొమ్ము దగ్గర ఉంటుంది. రాడ్డు దాదాపు అంతా దిగేసరికి అదే పిడి రెండడుగుల పైచిలుకు ఎత్తుకు, అనగా మోకాలికి కొంచెం పైకి వస్తుంది. తరువాత పొడుగు రాడ్డు వేస్తే పిడి మళ్ళీ రొమ్ముదాకా పోయి, మళ్ళీ దిగుతుంది. రోజంతా ఇదే వరస.

ఐదున్నర అడుగుల మనిషికి మోచేయి నేలనుంచి సుమారు మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. చేతులకు బలం బాగా అందేది మోచేతి ఎత్తుకు కొంచెం అటూ ఇటూ ఉన్న చోటనే. పిడి అంతకంటె పైన ఉంటే భుజాలు లాగుతాయి. అంతకంటె బాగా కిందికి పోతే మనిషి నడుము వంచి, యంత్రంపైన బరువంతా మోపి, పిడిని బిగబట్టుతాడు. ఎంత బిగబట్టితే అంత అదురు చేతిలోకి ఎక్కుతుందని గుర్తుంచుకోండి. కొందరు పొట్టతోనూ తొడతోనూ అదిమి పట్టుతారు. అది మరీ ప్రమాదం.

సర్దుబాటు పిడి అవసరం ఇక్కడనే వస్తుంది. పిడిని యంత్రానికి నేరుగా బిగించకుండా, ఒకదానిలో ఒకటి జారే రెండు ఉక్కు గొట్టాలమీద నిలిపి, వరుస రంధ్రాలలో మేకు వేసి ఆపే ఏర్పాటు ఉందనుకోండి. రెండడుగుల ఎత్తుకు దిగిన పిడిని ఒకటిన్నర అడుగు పైకి జరిపితే అది తిరిగి మూడున్నర అడుగులకు వస్తుంది. మనిషి నిటారుగా నిలబడి పని చేసుకోవచ్చును. పొట్టివాడు ఒక రంధ్రం దించుకొంటాడు, పొడుగువాడు ఒకటి పెంచుకొంటాడు.

అయితే ఒక జాగ్రత్త. రంధ్రం మొదలుపెట్టేటప్పుడు పిడి పొట్టిగానే ఉండవలెను. అప్పటికి రాడ్డు మొన రాతిమీద నిలదొక్కుకొని ఉండదు. పొడుగు పిడి పట్టుకొంటే పైన అంగుళం కదలిక కింద మొనను జార్చివేస్తుంది. రాడ్డు ఒక అడుగు రాతిలో దిగి, రంధ్రమే దానికి దారి చూపిన తరువాత, యంత్రం ఆపి, పిడి పెంచుకోవాలి. నడుస్తున్న యంత్రం మీద మేకు తీయడం పనికిరాదు.

రకాలు

పైకీ కిందికీ జరిగే పిడి ఒక రకం. కోణం మారే పిడి రెండవది. ఊళ్ళో కరెంటు పనివారు గోడకు బెజ్జం వేసే హామరు డ్రిల్లును చూచి ఉంటారు. దాని మెడ చుట్టూ ఒక కడియం, కడియానికి పక్క పిడి ఉంటుంది. పిడిని తిప్పితే కడియం వదులవుతుంది. కావలసిన వైపుకు జరిపి మళ్ళీ బిగించుకోవచ్చును. కుడిచేతి వాటం మనిషికీ, ఎడమచేతి వాటం మనిషికీ, గోడ మూలలో పని చేసేవానికీ అదే పిడి సరిపోతుంది.

మూడవది స్ప్రింగు పిడి. యంత్రానికీ పిడికీ మధ్య స్ప్రింగో, మెత్తని దిమ్మో పెట్టి అదురును కొంతవరకు అక్కడే మింగిస్తారు. ఎత్తు కుదరడం వేరు, అదురు తగ్గడం వేరు. ఈ రెండూ కలిసిన పిడి దొరికితే మరీ మంచిది.

ఇవిగాక, బావి గోడలోకి అడ్డంగా డ్రిల్లు వేయవలసి వస్తే పిడి ఒక్కటే చాలదు. 20 కిలోల యంత్రాన్ని గాలిలో మోసిపట్టడం ఎవరితరం? దానికి గాలితో సాగే ఉక్కు కాలు ఉన్నది. నీళ్ళ బిందెకు చుట్టకుదురు ఎటువంటిదో యంత్రానికి ఆ కాలు అటువంటిది. బరువు తాను మోసి, యంత్రాన్ని తానే ముందుకు తోస్తుంది. 1940లలో స్వీడన్ గనులలో ఈ కాలునూ, తేలికైన యంత్రాన్నీ, మొనకు గట్టి కార్బైడు ముక్క పొదిగిన రాడ్డునూ కలిపి, ఒక మనిషికి ఒక యంత్రం అనే పద్ధతి బాగా వృద్ధి చేశారు. తరువాత అది అనేక దేశాలకు పాకినది.

పిడి చేయలేని పని

ఇప్పుడు అసలు సంగతి. మంచి పిడి నడుమును కాపాడుతుంది, భుజాన్ని కాపాడుతుంది. కాని ఎత్తు సరిపోయినంత మాత్రాన అదురు పోదు, ధూళి అసలే పోదు.

1918లో ఆలిస్ హామిల్టన్ అనే అమెరికా వైద్యురాలు ఇండియానా రాష్ట్రంలోని బెడ్ ఫర్డ్ అనే ఊరికి పోయి, గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కే పనివారిని పరీక్షించారు. చలి ఉదయాల్లో వారి వేళ్ళు రక్తం లేనట్లు తెల్లగా పాలిపోయి, మొద్దుబారేవి. ఉలిని పట్టుకొనే ఎడమ చేతికే ఆ బాధ ఎక్కువ. మనది వేడి ప్రాంతం కనుక ఇక్కడ తెల్లబడటం కంటె తిమ్మిరి, చిమచిమ, పట్టు సడలడం ముందుగా కనబడతాయి. రాత్రి చేతులు తిమ్మిరెక్కి నిద్ర లేస్తున్నారా? చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతున్నదా? అయితే అది వయసు మీద పడటం అని ఊరుకోవద్దు, డాక్టరుకు చూపించండి. మొదట్లో పని మానితే కొంత తేరుకొంటుంది. ముదిరితే తిరిగి రాదు. పొగ తాగేవారికి రక్తప్రసారం మందగించి బాధ మరింత పెరుగుతుంది.

ఐరోపా దేశాలు 2002లో దీనికి ఒక హద్దు పెట్టుకొన్నవి. అదురుకు ఒక కొలత ఉన్నది. ఆ కొలత 5 అయితే రోజుకు 8 గంటలు హద్దు. 10 అయితే సగమనుకొంటారేమో, కాదు, రెండే గంటలు. 20 అయితే అరగంట మాత్రమే. అదురు రెండింతలయితే కాలం నాలుగో వంతుకు పడిపోతుందన్న మాట. చేతితో పట్టే రాతి డ్రిల్లులలో 10 దాటినవి సామాన్యం. మన బావులలో పని అడుగు లెక్కన ఒప్పుకొంటారు గనుక, ఒకే మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా యంత్రం వదలడు. ఇది పిడితో తీరేది కాదు. బావి యజమానే ఒప్పందంలో ఒక యంత్రానికి ఇద్దరు మనుషులను అడగవలెను. అరగంటకొకసారి చేయి మారితే ఇద్దరి చేతులకూ కొంత విరామం దొరుకుతుంది.

కొందరు పిడికి పాత సైకిలు ట్యూబు చుట్టుకొంటారు. పట్టు జారకుండా అది మంచిదే. ఈ యంత్రపు పెద్ద అదురును మాత్రం అది ఆపదు. మామూలు చేతి తొడుగులూ ఆపవు.

ఇక ధూళి. నల్లరాయిలోనూ తెల్ల పలుగురాయిలోనూ ఉండే సన్నని రాతిపొడి ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. దానికి పూర్తిగా నయంచేసే మందు లేదు. కొలరాడోలో జార్జ్ లేనర్ అనే ఆయన 1890ల చివర బోలు రాడ్డు డ్రిల్లు తెచ్చినప్పుడు గాలి మాత్రమే ఊదేది; పని వేగం పెరిగినది గాని గని అంతా ధూళితో నిండినది. తరువాత గాలితో పాటు నీరు కూడా పంపే ఏర్పాటు వచ్చినది. నీరు పంపే వీలున్న యంత్రాన్నే అడగండి. లేకపోతే రంధ్రం దగ్గర కొంచెం కొంచెంగా నీరు పోస్తూ ఉండటం కొంత మేలు. ముక్కుకు కట్టుకొన్న తువాలు ఈ సన్నపొడిని ఆపలేదు.

పిడి చేయించేటప్పుడు

ఊళ్ళో వెల్డింగు షాపులో పిడి చేయించుకోవాలని కొందరికి తోచవచ్చును. యంత్రం అద్దెదయితే ముందుగా యజమానిని అడగండి. తరువాత ఈ నాలుగు మాటలు మరువవద్దు.

మొదటిది: యంత్రం ఒంటిమీద వెల్డింగు చేయించరాదు. వేడికి లోపలి అమరిక చెడుతుంది. బిగించి విప్పగల పట్టీ మీదనే పిడి నిలవాలి.

రెండవది: గాలి మూసే మీట చేతికి అందుతూ ఉండవలెను. పిడి ఒకటిన్నర అడుగు పైకి పోయి, మీట కిందనే ఉండిపోతే, రాడ్డు ఇరుక్కున్న క్షణంలో మనిషి గాలి ఆపలేడు. మీట అందని పిడి ఎంత సుఖంగా ఉన్నా వద్దు.

మూడవది: మరబిగింపును మాత్రమే నమ్మరాదు, ఇంత అదురుకు మరలు వదులవుతాయి. రెండువైపులా అడ్డమేకు, మేకు జారకుండా పిన్ను ఉండాలి. ఒక వైపు ఒక రంధ్రంలో, రెండో వైపు మరొక రంధ్రంలో వేస్తే పిడి వంకరై మణికట్టుకు చేటు.

నాలుగవది: పొద్దున్నే యంత్రం బావిలోకి దింపకముందు పిడిని చేత్తో ఊపి చూడండి. లొడలొడలాడే పిడి అదురును తగ్గించదు, పెంచుతుంది. అతుకు దగ్గర సన్నని పగులు కనబడితే ఆ రోజుకు పాత పిడే మేలు.

చీమకుర్తి గ్రానైటు దగ్గర, బేతంచెర్ల, తాండూరు నాపరాళ్ళ దగ్గర రాతి పనికి పోయేవారు మన రైతుకుటుంబాలలోనూ ఉన్నారు. వర్షాలు పడగానే వారే తిరిగి వచ్చి మేడి పట్టుకోవాలి, నాటు వేయాలి, పాలు పితకాలి. ఆ పనులన్నిటికీ కావలసినవి పట్టు తప్పని వేళ్ళు.

కనుక ఈ వేసవిలో బావి పని ఒప్పుకొనేటప్పుడు అడుగుకు ఎంత అని అడిగిన తరువాత మరి మూడు ప్రశ్నలు అడగండి: యంత్రానికి మనుషులెందరు? నీటి ఏర్పాటు ఉన్నదా? పిడి మనిషి ఎత్తుకు సర్దుకుంటుందా? ఈ మూడింటికీ సరైన జవాబు చెప్పినవారికే పని ఇవ్వండి. అడుగుకు కొంచెం ఎక్కువ పడినా, అది దండగ ఖర్చు కాదు.