కరెంటు వచ్చింది, కెమెరా రాలేదు

మామూలు సీలింగ్ ఫ్యాన్ ఒకటి తినే కరెంటు 70 నుంచి 75 వాట్లు. అందులో మూడో వంతు కూడా అక్కర్లేదు, ఇంటికి కాపలా కాసే కెమెరాలు నడవడానికి. వైఫై కెమెరా ఒక్కోటి 5 వాట్లు, ఫైబర్ రూటర్ 10 వాట్లు. రెండు కెమెరాలున్న ఇంట్లో మొత్తం కలిపి 20 వాట్లే. ఇంత చిన్న లోడుకు బ్యాకప్ లేకనే సంక్రాంతికి తాళం వేసి ఊరెళ్లినవాళ్ల ఫోన్లలో 'ఆఫ్‌లైన్' అని కనబడుతోంది.

బ్యాకప్ పెట్టాల్సింది ముందు రూటర్‌కి. కరెంటు రాగానే కెమెరా నిమిషంలోపే లేస్తుంది. ఫైబర్ రూటర్ పూర్తిగా లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోగా వైఫై కోసం వెతికి వెతికి, దొరక్క, కొన్ని చవక కెమెరాలు అలాగే ఉండిపోతాయి. ఎవరో వెళ్లి ప్లగ్ తీసి పెడితే తప్ప కదలవు. రూటర్ అసలు ఆగకపోతే ఈ బెడదే ఉండదు.

రూటర్ కోసం దొరికే మినీ యూపీఎస్ పెట్టె మీద '8,000 ఎంఏహెచ్' అని పెద్దగా రాసి ఉంటుంది. ఆ లెక్క సాధారణంగా లోపలి సెల్ వోల్టేజీ 3.7కి వేసింది. 8ని 3.7తో గుణిస్తే 29.6 వాట్-అవర్లు. దాన్ని 12 వోల్టులకు పెంచడంలో కొంత పోయి 25 మిగులుతుంది. అంటే 10 వాట్ల రూటర్ రెండున్నర గంటలు నడుస్తుంది. కొనే ముందు మీ రూటర్ అడాప్టర్ మీది వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోల్చుకోండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? 150 ఏహెచ్ బ్యాటరీలో 1,800 వాట్-అవర్లు ఉంటాయి. సగమే వాడినా, ఇన్వర్టర్ తన కోసం తినేది తీసేసినా, ఈ 20 వాట్ల లోడును దాదాపు ఒక రోజు లాగుతుంది. అయితే చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైను లైట్లకూ ఫ్యాన్లకే ఇస్తారు. రూటర్ ప్లగ్ ఆ లైన్లో ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో మార్పించుకోవాలి. మీ ఇన్వర్టర్‌కు 'నార్మల్', 'యూపీఎస్' అని స్విచ్ ఉంటే యూపీఎస్ వైపు పెట్టండి. నార్మల్‌లో ఉంటే కరెంటు మారే ఆ క్షణంలోనే కొన్ని రూటర్లు రీస్టార్ట్ అవుతాయి.

రూటర్ మీద 'ఎల్ఓఎస్' దగ్గర ఎర్ర లైటు వెలిగితే మాత్రం తేడా బయట ఉంది. ఫైబర్ తెగి ఉండొచ్చు, ఆపరేటర్ దగ్గర కరెంటు పోయి ఉండొచ్చు. మీ బ్యాటరీ ఎంత పెద్దదైనా అప్పుడు ఫోన్లో బొమ్మ రాదు. అలాంటప్పుడు ఆదుకునేది కెమెరాలోని మెమరీ కార్డే. సెకనుకు 1 మెగాబిట్ వేగంతో రికార్డయితే గంటకు 450 ఎంబీ, రోజుకు 10.8 జీబీ. 128 జీబీ కార్డులో 11 రోజులు నిలుస్తుంది. 4జీ సిమ్ రూటర్‌ను అదనంగా పెట్టుకునేవాళ్లూ ఇదే లెక్క గుర్తుంచుకోవాలి: రోజుకు 1.5 జీబీ ప్యాక్ అయితే, ఆపకుండా చూస్తే మూడు గంటల పైచిలుకులో అయిపోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక చాలా కాలనీలు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అంత నష్టానికి ఇంటి బ్యాటరీ ఏదీ సరిపోదు. కానీ అప్పటిదాకా రికార్డయినది కార్డులో భద్రంగా ఉంటుంది.

డీవీఆర్ వాడేవాళ్లకు ఇంకొక్కటి. లోపల రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ గడియారాన్ని నడుపుతుంది. అది అయిపోతే, కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ తేదీ 2000 జనవరి 1కి వెళ్లిపోయే పెట్టెలున్నాయి. దొంగతనం జరిగిన రాత్రి ఫుటేజీ ఉన్నా తేదీ తప్పుగా ఉంటే, పోలీసులకు చూపించేటప్పుడు చిక్కే.

ఈసారి ఊరెళ్లే ముందురోజు మెయిన్ స్విచ్ ఆపి, 15 నిమిషాలు ఆగి, మళ్లీ వేయండి. ఫోన్ వైఫై తీసేసి మొబైల్ డేటాలో కెమెరా తెరవండి. ప్లగ్ ముట్టుకోకుండా బొమ్మ వచ్చిందంటేనే నిశ్చింతగా తాళం వేయండి.