వెస్టర్న్ గుర్రపు స్వారీ

వెస్టర్న్ గుర్రపు స్వారీ అమెరికా పశ్చిమ ప్రాంతపు కౌబాయిల స్వారీ పద్ధతి. స్పెయిన్ నుండి మెక్సికో మీదుగా వచ్చిన పశుపాలక సంప్రదాయం దీనికి మూలం. పశువులపైకి తాడు విసరడానికి ఒక చేయి ఖాళీగా ఉండాలి. కనుక పగ్గాలను రెండవ చేత పట్టుకొని, గుర్రం మెడకు తాకించి దానిని మళ్ళిస్తారు.

బలవంతాన చేయించిన పనిని గుర్రం అర్థం చేసుకోదని క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే గ్రీకు రచయిత జెనోఫోన్ బోధించాడు. ఈ ప్రాచీన సూత్రం వెస్టర్న్ స్వారీకి ఎంతో ముఖ్యం. ఇందులో వాడే కళ్ళెపు పొడవైన కాడలు మీటవలె పనిచేసి, పగ్గపు లాగుడును నోటివద్ద అధికం చేస్తాయి. పగ్గాలను ఊతగా పట్టుకొనే రౌతు గుర్రానికి నొప్పి కలిగిస్తాడు.

అందువలన ముందుగా నేర్వవలసినది ఆసనం. రౌతు చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలి. సంకేతాలలో శరీరభారం, కాలి ఒత్తిడి మొదటివి, పగ్గం చివరిది. గుర్రం స్పందించిన వెంటనే ఒత్తిడిని సడలించాలి. ఆ సడలింపే దానికి పాఠం.