స్కానర్ చెప్పంగనే కంప్యూటర్ మార్చకుండ్రి

బావికాడ మోటరు గుర్రుమంటది, నీళ్లు పొయ్యది. అప్పుడు మనం ఏం జేస్తం? మోటరు మార్చం. ముందుగాల స్టార్టర్ కాడ వోల్టేజీ చూస్తం. మరి గా తెలివి కారు కాడికి వచ్చేసరికి ఎటు పోతది?

నా కిరాయి బండికి గిట్లనే అయింది. సెల్ఫ్ కొడితే మీటరుల లైట్లు ఆరి మల్ల వెలిగేవి. చెక్ ఇంజన్ లైటు మాత్రం ఆరకపోయేది. షెడ్డుల స్కానర్ పెట్టి ఆరు కోడ్లు చూపిచ్చిండ్రు. "ఈసీఎం పోయింది అన్నా, 40 వేలు అయితది" అన్నరు. ఇంకో మిస్త్రీ మీటర్ పెట్టి చూస్తే దొరికింది తుప్పు పట్టిన ఎర్త్ కేబుల్. కూలితో కలిపి 600 అయింది.

ఈసీఎం అంటే ఇంజన్ కంప్యూటర్. డీజిల్ ఎప్పుడు పొయ్యాలె, ఎంత పొయ్యాలె అన్నది అదే చెప్తది. బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టులను లోపల తగ్గించి సెన్సర్లకు 5 వోల్టులు ఇస్తది. దానికే కరెంటు సాలకపోతే ఆగి మల్ల మొదలైతది, సెన్సర్ల లెక్కలు తప్పుతయి, పక్క కంప్యూటర్లతోని మాట తెగుతది. అందుకే ఒక్క రోగానికి ఆరు కోడ్లు. పీ0562 కోడు వస్తే సిస్టంల వోల్టేజీ తక్కువ ఉన్నదని అర్థం. అది ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు.

ఒక మామూలు మల్టీమీటర్ ఉంటే ఇట్ల చూడొచ్చు.

మొదలు బ్యాటరీ. రాత్రంత ఆగిన బండిల 12.6 వోల్టులు ఉంటే నిండుగ ఉన్నట్టు. 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటె కిందికి దిగొద్దు.

తర్వాత ఛార్జింగు. ఇంజన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.7 దాక ఉండాలె. కొన్ని కొత్త బండ్లల్ల కంప్యూటరే కావాలని ఛార్జింగు తగ్గిస్తది. కాబట్టి హెడ్‌లైట్లు, ఏసీ వేసి ఇంకోసారి చూసినంకనే డైనమోను అనుమానించాలె.

మూడోది ఎర్త్. శానా మంది ఇడిసిపెట్టేది దీన్నే. కరెంటు పోయే తొవ్వ ఎంత ముఖ్యమో, తిరిగొచ్చే తొవ్వ గూడ గంతే. మీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కు, ఎర్ర వైరు ఇంజన్ ఇనుముకు ఆనియ్యాలె. బండి న్యూట్రల్‌ల పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంకొకల్లతోని సెల్ఫ్ కొట్టియ్యాలె. చేతులు బెల్టుకు దూరం. మీటరుల 0.3 వోల్టు దాటితే ఎర్త్ ఖరాబున్నట్టే. నా బండికి 2.8 చూపిచ్చింది.

బీప్ సౌండు వస్తే వైరు మంచిగున్నదని అనుకోవద్దు. ఒక్క పోగు మిగిలినా బీప్ కొడతది. సెల్ఫ్ 150 ఆంపియర్లు గుంజేటప్పుడు తుప్పుల 0.02 ఓముల అడ్డు ఉన్నా చాలు, 3 వోల్టులు ఆడనే పోతయి. అందుకే లోడు మీదనే కొలవాలె. ప్లస్ దిక్కు ఫ్యూజు, రిలే కాడ గూడ ఇట్లనే చూడాలె.

ఈసీఎం కనెక్టర్ కాడ లోడు మీద ప్లస్, ఎర్త్ రెండూ సక్కగ ఉండి, అయినా పనిచెయ్యకపోతే అప్పుడు దాన్ని అనుమానించాలె. అంతకుముందు కాదు.

ఇంకోటి. డైనమో పనిచేస్తుందా లేదా అని ఇంజన్ నడుస్తుండంగ బ్యాటరీ వైరు పీకే అలవాటు మన దగ్గర ఉన్నది. గట్ల పీకితే వోల్టేజీ ఒక్కసారి ఎగిరి మంచిగున్న ఈసీఎం నిజంగనే కాలిపోవచ్చు.

షెడ్డోళ్లందరు మోసగాళ్లని నేను అంటలేను. స్కానర్ నిమిషంల చెప్తది, కొలుసుడుకు ఓపిక గావాలె, దానికి ఎవ్వరు పైసలియ్యరు. అందుకే అడుగుడు మనమే నేర్వాలె. కొత్త ఈసీఎం అన్నోళ్లను ఒక్కటే అడుగుండ్రి: "సెల్ఫ్ కొట్టేటప్పుడు దాని కాడ ఎన్ని వోల్టులు ఉన్నయి?" జవాబు లేకుంటే జేబుల చెయ్యి పెట్టకుండ్రి. పని నేర్చుకునే తమ్ముళ్లు, మీరు గూడ స్కానర్ కంటె ముందు మీటర్ పట్టుడు నేర్వుండ్రి.