పందెపు క్యామ్, పొగ పరీక్ష

హోసూరులో ఉన్న మా మేనల్లుడు పోయిన శ్రావణంలో తన తండ్రిగారి కారుకు కొత్త క్యామ్‌షాఫ్టు వేయించినాడు. కంపెనీది కాదు, పందెపు కార్లకు చేసే రకం. ఏడాదిపాటు జీతంలో మిగిల్చిన డబ్బు దానికే పోయింది. పొల్యూషన్ సర్టిఫికెట్టు గడువు తీరవచ్చిన రోజున మమ్మల్ని కూడా ఎక్కించుకొని పరీక్షకు తీసుకుపోయినాడు. పొగగొట్టంలో సాధనం పెట్టిన కాసేపటికే అక్కడి కుర్రవాడు తల అడ్డంగా ఊపినాడు. కాలని పెట్రోలు ఆవిరి, అంటే హైడ్రోకార్బన్లు, హద్దు దాటినవి.

"రోడ్డు మీద ఎంత బాగా పోయిందో చూస్తిరి గదా మామా! మరి ఇదేమిటి?" అన్నాడు. తెలిసినంతవరకు చెప్పినాము.

ఇంజనులోకి గాలీ పెట్రోలూ రావడానికొక వాల్వు, పొగ పోవడానికొక వాల్వు. ఏది ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు తెరచి ఉంచాలో నిర్ణయించేవి క్యామ్ మీది ఉబ్బులు. పొగ వాల్వు పూర్తిగా మూసుకొనకముందే గాలి వాల్వు తెరచుకొంటుంది. రెండూ తెరచి ఉండే ఆ కొద్దిపాటి కాలం పందెపు క్యామ్‌లో ఎక్కువ. నిమిషానికి 5000, 6000 చుట్లు తిరిగేటప్పుడు అది వరమే; పోయే పొగ వేగం కొత్త గాలిని వెంట లాక్కొస్తుంది. బండి నిలబడి గుడగుడమంటున్నప్పుడు ఆ వేగమెక్కడిది? పొగ కొంత వెనక్కు వచ్చి మిశ్రమాన్ని పాడుచేస్తుంది, మంట సరిగా అంటుకోదు, పెట్రోలు కాలకుండానే బయటపడుతుంది. మిగిలిన ఆక్సిజన్‌ను చూసి సెన్సారు పెట్రోలు చాలలేదనుకొని ఇంకా పోయిస్తుంది. విస్తట్లో సాంబారు మిగిలింది గనుక అన్నం చాలలేదని మళ్ళీ వడ్డించినట్లు!

మన పరీక్ష మొదలయ్యేదే ఈ నిలుపుడు స్థితిలో. భారత్ స్టేజి 4 పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షల పాళ్ళలో 200 మించరాదు. 2500 చుట్ల దగ్గర చూసేది ఆ తరువాత.

మేస్త్రీలు ఉపాయాలు చెప్పకపోలేదు. బండిని బాగా తిప్పి, ఆపకుండా నేరుగా పరీక్షకు తేవడం మొదటిది; కెటాలిటిక్ కన్వర్టరు చల్లగా ఉంటే పని చేయదు. ప్లగ్గులు మార్చడం, క్యామ్ టైమింగు సరిచూడడం కూడా చెప్పినారు. మెత్తని క్యామ్ అయితే వీటితో గట్టెక్కవచ్చు. వీడిది మెత్తనిది కాదు.

చట్టమొకటి ఉండనే ఉన్నది. అనుమతి లేకుండా బండిని మారిస్తే, 2019 సవరణ ప్రకారం, మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా ఖైదు, లేదా రెండూ. క్యామ్ లోపలిది, ఎవరికి కనబడుతుందని ఒక మేస్త్రీ వాదించినాడు. ఆ ధైర్యం మాకు నచ్చలేదు. బండి బావగారి పేరున ఉన్నది మరి!

మరుసటి ఆదివారం వాడు పాత క్యామ్ కోసం వెదకబోతే, బావగారే అటక మీదినుంచి నూనెగుడ్డలో చుట్టిన మూట దించి చేతికిచ్చినారు. ఒక్క మాటా అనలేదు. పరీక్షలో బండి నెగ్గింది. కొత్త క్యామ్ ఇప్పుడు వాడి బల్ల మీద, పుస్తకాలు పడిపోకుండా ఆనించి ఉన్నది.